చెట్టుకో పేజీ: శేషాచలం కొండల కింద ఒక వన తోట డైరీ

రాజంపేట వైపు శేషాచలం కొండలు మైదానంలోకి దిగే చోట ఒక విద్యాసంస్థకు ఆరెకరాల వన తోట ఉంది. పేరుకు తోటే గానీ అందులో పూలమళ్లు, పచ్చిక బయళ్లు ఉండవు. ఈ కొండల్లో తప్ప బయట పెద్దగా కనిపించని చెట్లనూ పొదలనూ ఒకచోట పెంచి విద్యార్థులకు చూపించాలని వేసిన తోట అది. నాటినవాళ్లు శ్రద్ధగానే నాటారు. రాతినేల చెట్లను ఎగువన పెట్టారు, నీడ కోరే పొదలను వాటి కింద సర్దారు. తోట బాధ్యత నాకు వచ్చేటప్పటికి చెట్లు బాగానే ఎదిగి ఉన్నాయి. రికార్డు మాత్రం స్టాక్ రిజిస్టర్‌లో ఒకే పేజీ. ఎర్రచందనం, జాలారి, మొగి, ఇతర అటవీ జాతులు అని వరసగా పేర్లు, పక్కన మొత్తం ఎన్ని, ఖర్చెంత అన్నవి. ఏ చెట్టు ఏ కొండ విత్తనం, ఎప్పుడు నాటింది, ఏది చనిపోతే దాని గుంటలో ఏది పెట్టారు అన్నది ఎక్కడా లేదు.

తోట మొత్తం మీద చూస్తే పెద్ద లోపం కనిపించేది కాదు. దగ్గరికెళ్లి చూస్తే మూడు చిక్కులు. దిగువ మూలలో ఎర్రచందనం ఏటా ఒకటో రెండో ఎండిపోతున్నాయి. తంబ జాలారి కాపు కాస్తోంది గానీ నర్సరీలో ఒక్క మొలక లేదు. పెరిత అనే అరుదైన మొక్కల్లో ఆడదేదో మగదేదో ఎవరికీ తెలియదు. డైరీ ఈ మూడింటి కోసమే మొదలైంది. తర్వాత దాని పరిధి పెరిగింది.

మామూలు తోటకు ఇంత రాత అక్కర్లేదు. ఒక వేప పోతే ఇంకో వేప తెచ్చుకోవచ్చు. తంబ జాలారి పోయినప్పుడు అది ఎక్కడి విత్తనమో, ఎందుకు పోయిందో తెలుసుకోకుండా అదే గుంటలో ఇంకోటి నాటితే అదీ పోతుంది, మన దగ్గర ఉన్న విత్తనమూ అయిపోతుంది. అరుదైన జాతులకు మందగా లెక్క పెడితే చాలదు. చెట్టు చెట్టుకూ విడిగా ఒక పేజీ ఉండాలి. ఈ కేసులో నాకు తేలిన ముఖ్యమైన విషయం ఇదే.

తోటలో ఉన్నవి

ఎర్రచందనం గురించి వేరే చెప్పక్కర్లేదు. తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే సహజంగా పెరిగే చెట్టు, అంతర్జాతీయ వ్యాపారం మీద సైటీస్ (ముప్పున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే దేశాల ఒప్పందం) రెండో అనుబంధం కింద నియంత్రణ ఉన్న చెట్టు. మొసలి తోలులా పలకలు పలకలుగా చీలిన నల్లటి బెరడు చూసి దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. దాని పక్కన తంబ జాలారి, తెల్ల కరక, మొగి, కొండ గుగ్గిలం. ఇవన్నీ శేషాచలం, వెలిగొండ, నల్లమల చుట్టుపక్కల కొండలకే పరిమితమైనవి, లేదా దాదాపు అంతే. మొగి నేరేడు కుటుంబపు చెట్టే. నేరేడుకు ఆకులు ఎదురెదురుగా వస్తే దీనికి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మొక్క చిన్నగా ఉన్నప్పుడు కూడా ఈ ఒక్క గుర్తుతో తేల్చుకోవచ్చు. కొండ గుగ్గిలం ఎండాకాలమంతా మోడులా ఉంటుంది, ఆకులు లేనప్పుడే పూస్తుంది. వానాకాలంలో మాత్రమే తోట చూసేవాళ్లకు దాని పూత జీవితంలో కనబడదు.

పెరిత సంగతి వేరు. సైకస్ బెడ్డోమి అనే ఈ మొక్క చూపుకు చిన్న ఈత చెట్టులా ఉంటుంది గానీ ఈతకూ దానికీ చుట్టరికం లేదు. తిరుమల, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు. సైటీస్ మొదటి అనుబంధంలో ఉంది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అడవిలో దాన్ని పెరకడం నేరం, లైసెన్సు లేకుండా పెంచడమూ కుదరదు. కాబట్టి పెరిత పేజీల్లో అన్నిటికంటే ముందు రాసింది అనుమతి పత్రం నంబరు, తేదీ. అరుదైన మొక్కలు పెంచేవాళ్లెవరైనా ఈ పని మొదటిరోజే చేసుకోవాలి. అడవి నుంచి తెచ్చుకున్న మొక్క ఎంత బాగా పెరిగినా దాన్ని సంరక్షణ అనలేం, అడవిలో ఒకటి తగ్గినట్టే.

పొదల్లో బిక్కి, క్రోటన్ స్కాబియోసస్, కలివి, ఇంకొన్ని. వాటి గురించి కింద విడిగా రాస్తాను, ఎందుకంటే డైరీల్లో అన్యాయం జరిగేది ఎప్పుడూ పొదలకే.

నంబరు, రేకు, మ్యాపు

మొదట ప్రతి చెట్టుకూ ఒక నంబరు ఇచ్చాం. నంబరు చెట్టుది, గుంటది కాదు. చెట్టు చనిపోతే నంబరు దానితోనే పోతుంది, అక్కడ నాటే కొత్త మొక్కకు కొత్త నంబరు. ఇది చిన్న నియమంలా కనిపిస్తుంది గానీ దీన్ని పాటించని తోటల్లో పదేళ్ల తర్వాత ఒకే నంబరు కింద మూడు చెట్ల కథ కలిసిపోయి ఉంటుంది.

నంబరును అల్యూమినియం రేకు మీద గుద్దించి, వదులుగా తీగతో కొమ్మకు వేలాడదీశాం. మేకు కొట్టలేదు. మేకు గాయంలోంచి పుచ్చు మొదలవుతుంది. తీగను బిగించి కట్టినా కాండం లావయ్యేకొద్దీ కోసుకుపోతుంది. అందుకే ఏడాదికోసారి తీగ వదులు చూడటం కూడా డైరీలో ఒక పనిగా రాసుకున్నాం.

మ్యాపుకు ఫోన్ జీపీఎస్‌ను నమ్మలేదు. గుబురుగా ఉన్న చెట్ల కింద అది కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. రెండు చెట్ల మధ్య దూరమే అంతుంటే దాంతో ఏం లాభం? తోటలో కదలని రాళ్లు కొన్ని పాతించి, ప్రతి చెట్టుకూ దగ్గరున్న రెండు రాళ్ల నుంచి టేపుతో దూరం కొలిచి రాశాం. రేకు ఊడిపోయినా, కోతులు పీకేసినా, ఆ రెండు కొలతలతో చెట్టు ఏదో తేల్చవచ్చు. ఇది చాలాసార్లు అక్కరకొచ్చింది.

మూలం అనే గడి దగ్గర కొంత బాధపడాల్సి వచ్చింది. పాత చెట్లలో చాలావాటికి విత్తనం ఎక్కడిదో చెప్పగలిగినవాళ్లు లేరు. రిటైరైన సిబ్బందిని అడిగితే ఒకరు బాలుపల్లి వైపు అన్నారు, ఇంకొకరు తలకోన అన్నారు. ఇద్దరి మాటా పేజీలో రాసి, కింద "నిర్ధారణ లేదు" అని పెట్టాం. మూలం తెలియని చెట్టు నీడకూ పాఠానికీ పనికొస్తుంది. దాని విత్తనంతో మళ్లీ అడవిలో నాటే కార్యక్రమం ఏదైనా వస్తే మాత్రం దాన్ని పక్కన పెట్టాల్సిందే. ఊహించి రాసిన మూలం ఖాళీ గడి కంటే ప్రమాదం, ఎందుకంటే తర్వాతివాళ్లు దాన్ని నిజమనుకుంటారు.

కార్తెల మీద నడిచే డైరీ

ఎప్పుడెప్పుడు చూడాలి అన్నది తర్వాతి ప్రశ్న. వారానికోసారి అని మొదలుపెట్టే డైరీలు సాధారణంగా ఆరు నెలలకు ఆగిపోతాయి. నెలకోసారి అంటే సగం విషయాలు జారిపోతాయి. మా తోటమాలి తేదీలు చెప్పడు, కార్తెలు చెబుతాడు. "ఆరుద్రలో వేసిన మొక్క సార్ అది" అంటాడు. ఆ లెక్కే బాగుందని దాన్నే తీసుకున్నాం. సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలం కార్తె. ఏడాదికి 27, ఒక్కోటి 13 లేదా 14 రోజులు. తిథుల్లా ఏటా ముందుకూ వెనక్కూ జరగవు. రోహిణి మే 25 ప్రాంతంలోనే వస్తుంది, మృగశిర జూన్ 8 ప్రాంతంలోనే వస్తుంది. అందుకని ఈ ఏటి రోహిణినీ పోయినేటి రోహిణినీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. కార్తెకోసారి తోట మొత్తం తిరగడం, తేదీతో పాటు కార్తె పేరు రాయడం నియమం.

దీనికొక సవరణ కావాల్సి వచ్చింది. ఎర్రచందనం పూత చాలా తక్కువ రోజుల్లో అయిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒక్కసారిగా చెట్టంతా పసుపుపచ్చగా పూసి, వాసన దూరానికి తగులుతుంది, తేనెటీగల మోత వినిపిస్తుంది. కొద్ది రోజులకే పూరేకులు కింద చాపలా పరుచుకుంటాయి. రెండు వారాలకోసారి వెళ్లేవాడికి మొగ్గా కనపడుతుంది, పిందె కూడా కనపడుతుంది, పువ్వు మాత్రం తప్పిపోతుంది. అందుకని అశ్వని నుంచి కృత్తిక దాకా మూడు కార్తెల్లో రోజు మార్చి రోజు ఎర్రచందనం వరసలు చూస్తాం. అన్ని జాతులనూ అంత తరచుగా చూడాల్సిన పనిలేదు. ఏ జాతికి ఏ కార్తె ముఖ్యమో మొదటి రెండేళ్లలో తెలిసిపోతుంది.

ఎర్రచందనం దగ్గరే ఇంకో విషయం. దాని కాయ ముదరడానికి దాదాపు ఏడాది పడుతుంది. కాబట్టి ఏప్రిల్‌లో ఒకే కొమ్మ మీద పోయినేటి ఎండుకాయలు, ఈ ఏటి మొగ్గలు కలిసి ఉండొచ్చు. "కాయలున్నాయి" అని మాత్రమే రాస్తే ఏ ఏటి కాపో తెలియదు. "పాత కాయ, గోధుమరంగు, రెక్క పెళుసు" అని రాస్తే తెలుస్తుంది. విత్తనం పట్టుకునే సమయం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

కార్తెతో పాటు వాన లెక్క. తోట మధ్య ఖాళీ స్థలంలో వర్షమాపకం పెట్టి, వాతావరణ శాఖ పద్ధతిలోనే ఉదయం 8.30కి చూసి రాస్తున్నాం. ఇరవై కిలోమీటర్ల దూరంలోని కేంద్రం లెక్క మన తోటకు సరిపోదు, కొండవాలులో ఒక వంకకు కురిసింది పక్క వంకకు కురవదు. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 18వ శతాబ్దం చివర్లో, 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వెళ్లకముందు, సామర్లకోటలో తోట నడిపాడు. మొక్కలతో పాటు వాతావరణాన్ని రోజుకు మూడుసార్లు నమోదు చేసేవాడు. ఆనాటి కరువును అర్థం చేసుకోవడానికి చరిత్రకారులు ఆ లెక్కలను ఇప్పటికీ చూస్తారు. మన తంబ జాలారికి శాస్త్రీయ నామం పెట్టింది కూడా ఆయనే. మొక్క పేజీ, వాన పేజీ ఒకే పుస్తకంలో ఉంటే ఎంత ఉపయోగమో మా దిగువ మూల కేసులో చూశాను.

దిగువ మూల ఎర్రచందనం

దిగువ మూలలో మూడు వరసలు. ఎగువ వరసలతో పాటే నాటినవని చెప్పారు, లావు మాత్రం తక్కువ. ఆకు ముందుగా రాలుతోంది, కొమ్మల చివర్లు ఎండుతున్నాయి. నీళ్లు చాలక అనుకుని ఆ మూలకు డ్రిప్ ఎక్కువసేపు వదిలేవాళ్లు. అయినా ఫలితం లేకపోతే తెగులు అనుకుని మందు కొట్టించారు. ప్రతి నిర్ణయమూ అప్పటికి కంటికి కనిపించినదాన్ని బట్టి తీసుకున్నదే. పాత సంవత్సరాలతో పోల్చుకోవడానికి కాగితం లేదు, అంతే.

డైరీ మొదలైన ఏడు ఆకు రాలడాన్ని చెట్టు చెట్టుకూ రాశాం. ఎర్రచందనం ఆకు రాల్చే చెట్టే. మామూలుగా జనవరి, ఫిబ్రవరిల్లో, అంటే ఉత్తరాషాఢ, శ్రవణం, ధనిష్ఠ కార్తెల్లో రాలుస్తుంది. ఎగువ వరసల పేజీలన్నిటిలో అలాగే ఉంది. దిగువ మూల పేజీల్లో అనూరాధ కార్తెలోనే, నవంబరు చివర్లోనే, పసుపు మొదలైంది. ఒక పేజీలో ఉన్నది ఉన్నట్టు ఇది:

"ఎ-17. అనూరాధ. పై కొమ్మల్లో మూడోవంతు ఆకు పసుపు. కింద రాలిన ఆకు ఎండలేదు, మెత్తగా ఉంది, ఈనెలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. రెండు కొమ్మల కొసలు నల్లబడ్డాయి. మొదలు దగ్గర మట్టి చెప్పుకు అంటుకుంటోంది. ఎ-9 దగ్గర పొడి."

నీళ్లు చాలక రాలిన ఆకు గలగలలాడుతుంది. ఇది మెత్తగా ఉంది. వాన పేజీ పక్కన పెట్టి చూస్తే ఈశాన్య రుతుపవనాలు బలంగా కురిసిన కార్తె తర్వాతే ఆ మూలలో పసుపు వస్తోంది. 2021 నవంబరులో ఈ ప్రాంతమంతా వానలతో అతలాకుతలమైంది, 19వ తేదీన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నెల తర్వాత దిగువ మూలలో జరిగిన నష్టం మిగతా తోటలో ఎక్కడా జరగలేదు. కరువు వల్లయితే ఎండాకాలంలో చావాలి గదా, వానల తర్వాత ఎందుకు చస్తున్నాయి?

తోటమాలి ఒక్క మాటన్నాడు: "కొండమీద బతికే చెట్టు సార్ ఇది. కాళ్లకాడ తడి ఆరకుంటే యాడ బతుకుతాది?" ఆ మాటను కూడా పేజీలో రాశాం, ఎవరన్నారో సహా. తర్వాత ఎ-17 పక్కన గుంట తవ్వించాం. పైన ఎర్రటి గులకనేల, మోకాలి లోతుకు వచ్చేసరికి బూడిదరంగు జిగట మట్టి, మురుగు వాసన. ఎగువన నీటి సంరక్షణ కోసమని తవ్విన ఊటకుంట నుంచి నీరు భూమిలోపల ఇటే దిగుతోంది. ఊటకుంట మంచిదే, చుట్టుపక్కల బోర్లకు ఉపయోగపడుతోంది. ఎర్రచందనానికి మాత్రం ఆ తడి విషం. రాతినేలలో, వాలులో, నీరు నిలవని చోట పెరిగే చెట్టు వేళ్లకు గాలి ఆడకపోతే ముందు వేరు కొసలు కుళ్లుతాయి. అప్పుడు పక్కన ఎంత నీరున్నా చెట్టు పీల్చుకోలేదు. పైనుంచి చూసేవాడికి అది దాహంతో ఉన్నట్టే కనిపిస్తుంది. డ్రిప్ ఇచ్చేకొద్దీ జబ్బు ముదిరింది ఇందుకే.

రెండు పనులు చేశాం, ఒకే ఏడాదిలో కాదు. మొదటి ఏడాది ఆ వరసలకు ఎగువన వాలుకు అడ్డంగా కందకం తీసి, ఊటను పక్క వంకలోకి మళ్లించాం. డ్రిప్ ఎప్పటిలాగే వదిలాం. రెండో ఏడు ఆ మూలకు డ్రిప్ పూర్తిగా ఆపేశాం. రెండూ కలిపి చేస్తే దేని వల్ల మేలు జరిగిందో తెలిసేది కాదు. కందకం తీసిన ఏడు పసుపు రెండు కార్తెలు వెనక్కి జరిగింది, డిసెంబరు చివరికి. డ్రిప్ ఆపిన ఏడు ఆకు రాలడం ఎగువ వరసలతో ఇంచుమించు కలిసింది. కొసలు ఎండిన చెట్లలో కొన్ని ఎండిన చోటి కింద నుంచి కొత్త కొమ్మలు వేశాయి. ఎ-17 వాటిలో ఒకటి. మొదలు దాకా పోయినవి ఇక రాలేదు. ఆ గుంటల్లో మళ్లీ ఎర్రచందనం నాటకుండా, తడికి ఓర్చుకునే మద్ది నాటాం.

లావు కొలవడంలో ఒక జాగ్రత్త

చెట్టు చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో కొలవడం అందరూ చేసేదే. వాలులో అయితే ఎగువ వైపు నుంచి ఆ ఎత్తు చూడాలి. కొలిచిన చోట పెయింటుతో సన్నగీత పెడితే వచ్చే ఏడు టేపు అక్కడే పడుతుంది. అందరూ చేయనిది, ఏటా ఒకే కార్తెలో కొలవడం. ఆకురాల్చే అడవి చెట్లలో కాండం వానాకాలంలో నీరు నింపుకుని కొద్దిగా ఉబ్బుతుంది, ఎండల్లో కుంచించుకుంటుంది. మా పేజీల్లో ఒక తెల్ల కరక డిసెంబరులో 42.0 సెంటీమీటర్లు, తర్వాతి మేలో 41.6. చెట్టు తగ్గిపోయిందేమోనని కంగారు పడాల్సిన పనిలేదు, కొలిచినవాళ్లను తప్పు పట్టాల్సిన పనీ లేదు. నిదానంగా పెరిగే చెట్లలో ఏడాది పెరుగుదల కూడా అంతే ఉండొచ్చు కాబట్టి, ఒక ఏడు డిసెంబరులో, ఇంకో ఏడు మేలో కొలిస్తే పెరుగుదల మొత్తం మాయమైపోతుంది. మేము మూల కార్తెకు ఖాయం చేశాం.

జాలారి, మొగి విత్తనాలు

తంబ జాలారి కాయకు అయిదు రెక్కలు, మూడు పొడవు, రెండు పొట్టి. గాలికి గిరగిరా తిరుగుతూ దిగుతుంది. పిల్లలు ఏరుకుని ఆడుకుంటారు. అంత కాపు కాసే చెట్టు నుంచి మొక్క రాకపోవడం విచిత్రంగా ఉండేది.

పాత పద్ధతి ఏమిటంటే, రాలిన కాయలు ఏరి, నీడన ఆరబెట్టి, గోనెసంచిలో కట్టి, తొలకరి గట్టిపడ్డాక నర్సరీ సంచుల్లో వేయడం. చింతకో వేపకో అలవాటైన చేతులకు ఆ పద్ధతే సహజం. జాలారి కుటుంబపు విత్తనం అలాంటిది కాదు. ఆరితే చచ్చిపోతుంది. రాలిన కొద్ది రోజుల్లోనే మొలకశక్తి పోతుంది. సంచిలో దాచడం అంటే విత్తనాన్ని చంపి దాచడమే. మొగి కూడా ఇదే తరహా. పండు తిన్న తర్వాత గుజ్జు కడిగేసి వెంటనే వేయాలి.

ఇది తెలుసుకోవడానికి డైరీ అక్కర్లేదు, అడవి పని తెలిసినవాళ్లు చెబుతారు. డైరీ పని తేదీ చెప్పడం. రెక్కలు ఆకుపచ్చ నుంచి గోధుమరంగుకు మారడం, మొదటి కాయ రాలడం, ఎక్కువగా రాలడం, చివరి కాయ అని నాలుగు దశలు పెట్టుకుని రాస్తే, మా తోటలో ఎక్కువగా రాలేది రోహిణి కార్తె అటూ ఇటూ అని తేలింది. అంటే ఎండలు మండిపోతున్నప్పుడు. నర్సరీ పని మృగశిరతో మొదలయ్యేది. కాయ రాలేటప్పటికి ఇసుక మడి సిద్ధంగా ఉండేది కాదు, మడి సిద్ధమయ్యేటప్పటికి విత్తనం చచ్చిపోయి ఉండేది. ఇప్పుడు కృత్తిక కార్తెలోనే నీడవలల కింద తడి ఇసుక మడి తయారుచేస్తాం, చెట్టు కింద పాత చీరలు పరుస్తాం, పొద్దున ఏరిన కాయ ఆ సాయంత్రానికి మడిలో ఉంటుంది. రెక్కలు తుంచి, కాయ సగం పైకి కనపడేలా పడుకోబెడతాం. మొలకలు వస్తున్నాయి. అన్నీ నిలవవు. మొదటి ఎండాకాలం దాటడం వాటికి పెద్ద పరీక్ష. అయినా ప్రతి మొలకకూ తల్లిచెట్టు నంబరు ఉంది. ఈ తోటలో అంతకుముందు అలాంటి మొక్క ఒక్కటీ లేదు.

పెరిత

పెరితల విషయంలో డైరీకి ఓపిక తప్ప వేరే పని లేదు. కోన్ (పువ్వు బదులు వచ్చే శంకువులాంటి భాగం) రాకుండా ఆడా మగా చెప్పలేం. మగ మొక్క నడినెత్తిన పొడవాటి కోన్ వేస్తుంది. ఆడ మొక్కకు అలాంటి కోన్ ఉండదు. ఆకుల మధ్య ముదురు నూగుతో వదులుగా పరుచుకునే రెక్కల్లాంటివి వచ్చి, వాటి అంచుల్లో విత్తనాలు కూర్చుంటాయి. ప్రతి మొక్కకూ ఏటా కొత్త ఆకుల వరస ఏ కార్తెలో వచ్చింది, ఎన్ని ఆకులు, పాత ఆకులు ఎన్ని మిగిలాయి అని రాస్తూ ఉండగా మూడు మగవి తేలాయి, ఆడది ఒక్కటే. మగవాటి కోన్ పక్వానికి వచ్చినప్పుడు ఆడది సిద్ధంగా లేకపోతే విత్తనం కట్టదు. ఇప్పటిదాకా రెండూ ఒకే సమయానికి రాలేదు. పేజీల్లో ఆ ఎడం తగ్గుతోందా పెరుగుతోందా చెప్పడానికి ఇంకా చాలా ఏళ్ల రాత కావాలి.

పొదలు

చెట్టుకు పనికొచ్చే పేజీ పొదకు పనికిరాదు. పొదకు మొదలు దగ్గరే పది కాండాలు, వాటిలో ఏటా కొన్ని చస్తాయి, కొన్ని పుడతాయి. చుట్టుకొలత అర్థం లేని లెక్క. అందుకే పొదలకు ఎత్తు, రెండు దిక్కుల్లో వెడల్పు, బతికున్న కాండాల సంఖ్య, ఒకే రాయి మీద నిలబడి తీసిన ఫొటో. ఇవి చాలు.

క్రోటన్ స్కాబియోసస్‌ను ఒకసారి దగ్గరగా చూసినవాళ్లు మరిచిపోలేరు. తూర్పు కనుమలకే పరిమితమైన ఈ పొద ఆకును తిరగేస్తే అడుగుభాగమంతా వెండి పొలుసులు. భూతద్దంలో ఒక్కో పొలుసు గుండ్రంగా, అంచులు నక్షత్రంలా కనిపిస్తాయి. గాలి వీస్తే పొదంతా తెల్లగా మెరుస్తుంది. రాలబోయే ఆకు నారింజరంగుకు తిరుగుతుంది. దీన్ని డైరీలో "ఆకు రంగు మారింది" అని రాస్తే చాలదు. ఏ వైపు, పాత ఆకా కొత్త ఆకా అని రాస్తేనే అది రాలే ముందు సహజంగా వచ్చిన రంగో, జబ్బో తెలుస్తుంది.

బిక్కి చిగురు చివర పసుపుపచ్చటి జిగురు బొట్టు ఉంటుంది. వేలికి అంటితే ఒక పట్టాన పోదు, ఘాటైన వాసన. పల్లెల్లో దాన్ని మందుకు వాడతారు. కొన్ని కార్తెల్లో బొట్లు బాగా కనిపించడం, కొన్నిట్లో ఎండిపోయి ఉండటం మా పేజీల్లో ఉంది. దానికీ వానకూ ఉన్న సంబంధం ఇంకా తేల్చలేదు గానీ రాయడం ఆపలేదు. పువ్వు తెల్లగా విచ్చుకుని తర్వాత పసుపుకు తిరుగుతుంది కాబట్టి, ఒకే పొద మీద రెండు రంగులు కనపడితే అది రెండు రకాల పువ్వు అనుకోకూడదని విద్యార్థులకు మొదటే చెబుతాం.

చనిపోయిన చెట్ల పేజీలు

చెట్టు చనిపోయిన తర్వాత దాని పేజీ చించరు, మూయరు. చివరి పేరాలో ఏ కార్తెలో ఆఖరి పచ్చాకు కనిపించింది, మొదలు గోకితే పచ్చగా ఉందా, వేళ్లు తవ్వి చూస్తే ఎలా ఉన్నాయి, చుట్టుపక్కల చెట్ల పరిస్థితి ఏమిటి అని రాయాలి. నా అభిప్రాయంలో ఈ డైరీలో అన్నిటికంటే విలువైన పేజీలు ఇవే. దిగువ మూల రహస్యం సగం బయటపడింది చచ్చిన చెట్ల పేజీలను వరసగా పేర్చినప్పుడే. చావు గురించి రాయడానికి సిబ్బంది మొదట్లో జంకారు, ఎవరి మీదికైనా వస్తుందేమోనని. ఈ పుస్తకం ఎవరి పనితీరు మీద రిపోర్టూ కాదని సంస్థ రాతపూర్వకంగా చెప్పాక ఆ టెన్షన్ పోయింది.

ఎవరికి చూపించాలి, ఎవరికి వద్దు

ఎర్రచందనం ఉన్న చోట మ్యాపు పబ్లిక్‌లో పెట్టకూడదు. దొంగల బెడద తెలిసిన ప్రాంతం ఇది. పెరితకూ అదే వర్తిస్తుంది. అందుకని డైరీ రెండు భాగాలు. పూత, కాత, ఆకు, వాన ఉన్న భాగం విద్యార్థులెవరైనా చూడొచ్చు, కాపీ చేసుకోవచ్చు. రాళ్ల నుంచి దూరాలు, చుట్టుకొలతలు, మ్యాపు ఉన్న భాగం బీరువాలో. ఫొటోల్లో జీపీఎస్ వివరాలు ఉండకుండా కెమెరా సెట్టింగ్ ముందే మార్చుకుంటాం.

రాత పెన్సిల్‌తోనే. పెన్ను ఇంకు వానకు, చెమటకు కారిపోతుంది. ఆ సాయంత్రమే కంప్యూటర్‌లో ఎక్కించాలని నియమం ఉన్నా, అసలు కాపీ కాగితమే. కొట్టివేత ఉంటే ఒక్క గీతతో, కింద ఉన్నది చదవగలిగేలా.

ఇప్పుడు పరిస్థితి

దిగువ మూలలో మిగిలిన ఎర్రచందనాలు ఎగువవాటి కంటే సన్నగానే ఉన్నాయి. పోయిన ఏళ్ల పెరుగుదల తిరిగి రాదు. జాలారి మొక్కలు నర్సరీలో ఉన్నాయి, వాటిలో కొన్నిటిని ఈ ఆరుద్రకు తోట ఎగువ భాగంలో నాటబోతున్నాం. ఒక్కో గుంటలో మట్టి ఏ లోతులో ఎలా మారుతోందో ముందే తవ్వి రాశాం. మొగి మొక్కలు అంతకంటే నయంగా ఉన్నాయి. తెల్ల కరక గింజ గట్టి పెంకు వల్ల మొలక చాలా ఆలస్యం, దాని మీద పని మొదలుపెట్టలేదు.

డైరీలోంచి కొన్ని గడులు తీసేశాం. "ఆరోగ్యం: బాగుంది, పరవాలేదు, బాగోలేదు" అన్నది మొదట తీసేసిన గడి. ముగ్గురు ఒకే చెట్టుకు మూడు రకాలుగా రాస్తున్నారు. దాని బదులు పై కొమ్మల్లో ఆకు ఎంతవంతు ఉంది, ఎండిన కొసలు ఉన్నాయా అన్న రెండు ప్రశ్నలు పెట్టాం. నేల తేమను వేలితో చూసి రాసే గడి కూడా తీసేద్దామనుకున్నాం. తోటమాలి ఒప్పుకోలేదు. ఎ-17 పేజీలో "చెప్పుకు అంటుకుంటోంది" అన్న మాట అక్కడ రాసిందే కాబట్టి ఆ గడిని ఉంచేశాం.